అక్షరమును భావమును: బైబిలు పఠనవివాదములనుగూర్చి యొక పాఠము

ఏ మతమునకైనను గ్రంథ మొకటి యుండినయెడల, దానిని చదువు విధమునుగూర్చి వివాదము పుట్టక మానదు. ఇది క్రైస్తవులకు మాత్రమే కలిగిన చిక్కు గాదు. వేదమును ప్రమాణముగ గొన్నవారికిని, ఖురానును ప్రమాణముగ గొన్నవారికిని కలిగినదే. అయినను క్రైస్తవులలో నీ వివాదము గడచిన రెండువందల సంవత్సరములలో అచ్చుపుస్తకములందును, మహాసభలందును, న్యాయస్థానములందును బహిరంగముగ నడచినది. కావున దానిని సాక్ష్యములతో పరిశీలించుట యితరులకును సాధ్యమగుచున్నది. ఈ పాఠమున మేము చేయదలచిన పని యదియే.

మన యనకాపల్లివారి కిది దూరదేశపు ముచ్చట గాదు. బెల్లపు విపణికి దిమ్మలు దెచ్చు రైతులలో నూకాంబికకు మ్రొక్కువారును, ఆదివారమున ప్రార్థనామందిరమునకు బోవువారును గలరు. పట్టణపు చేరువను శంకరము కొండలమీద బౌద్ధుల స్తూపములు శిథిలములై నిలిచియున్నవి. ఇన్ని మతములు నడచిన నేలమీద నొకరి గ్రంథమును మఱియొకరు హేళనచేయుట మిక్కిలి సులభము. క్రైస్తవ వాది కూర్మావతారకథను ఉన్నదున్నట్లు దీసికొని నవ్వును. హిందూవాది యోనాను మ్రింగిన మత్స్యముయొక్క కథను ఉన్నదున్నట్లు దీసికొని నవ్వును. తమ గ్రంథమువద్దకు వచ్చునప్పటికి ఒకరు “అది దేవుని మహిమ” యనియు, మఱియొకరు “అది గూఢార్థము” అనియు జెప్పి తప్పించుకొందురు. తమ గ్రంథమునకు భావమును, పరుల గ్రంథమునకు అక్షరమును కొలతగ బెట్టుట, కొనుట కొక తూనికరాయియు అమ్ముట కొక తూనికరాయియు దాచుకొన్న వర్తకుని పద్ధతి గాదా? అట్టి రెండురాళ్ల వ్యవహారమును బైబిలులోని సామెతల గ్రంథమే గర్హించుచున్నది. ఏ గ్రంథమునైనను ఒక్కరాతితోనే తూచవలెననుటయే ఈ పాఠముయొక్క సారము.

1. వివాదమున నిమిడియున్న మూడు ప్రశ్నలు

“బైబిలును అక్షరార్థముననే చదువవలెను” అను మాటలో మూడు వేర్వేఱు వాదములు కలిసియున్నవి. వానిని విడదీయక వాదించువారు ఒకరి ప్రశ్న కొకరు సమాధానము చెప్పుకొనలేరు.

మొదటిది భాషనుగూర్చిన వాదము: పదములకు లోకమున వాడుకలోనున్న యర్థమునే గ్రహింపవలెను గాని, ఊహించి మఱియొక యర్థమును దెచ్చిపెట్టరాదు. రెండవది సత్యమునుగూర్చిన వాదము: సృష్టి, చరిత్ర, భూగోళము మొదలగు విషయములలో నైనను గ్రంథమున లేశమైన పొరపాటు లేదు. మూడవది విధినిగూర్చిన వాదము: పూర్వమొక జనమునకు జెప్పబడిన యాజ్ఞ నేడు మనకును అట్లే చెల్లును.

ఈ మూడింటిలో నొకదానిని నమ్మినవాడు మిగిలిన రెండింటిని నమ్మవలెనను నియమము లేదు. లేవీయకాండమున పందిమాంసము నిషిద్ధమని స్పష్టముగ నున్నది. అయినను క్రైస్తవులలో పెక్కుమంది దానిని భుజింతురు; వారి నెవ్వరును అవిశ్వాసులని వెలివేయరు. మోషే ధర్మశాస్త్రమున ఎంతభాగము అన్యజనులనుండి వచ్చిన విశ్వాసులకు జెల్లునను ప్రశ్న క్రీస్తు శిష్యుల తరముననే పుట్టినదనియు, దానికొఱకు యెరూషలేములో సభకూడినదనియు అపొస్తలుల కార్యముల గ్రంథమే చెప్పుచున్నది. కావున అక్షరమును ఎక్కడ పట్టవలెను, ఎక్కడ విడువవలెను అను విచారము నిన్న మొన్న నాస్తికులు కల్పించినది గాదు. ఆ మతముతోడనే పుట్టినది.

ఉపమానములు ఉపమానములే యనియు, కవిత్వము కవిత్వమే యనియు అక్షరపక్షమువారును ఒప్పుకొందురు. అలంకారభాష యున్నదా లేదా యనుట వివాదము గాదు. ఏ వాక్యము అలంకారము, ఏ వాక్యము వృత్తాంతము, దీనిని నిర్ణయించువా డెవ్వడు? వివాదమంతయు నిక్కడ నున్నది.

2. మన మండలమున పుట్టిన తెలుగు బైబిలు

అక్షరమును పట్టుకొందుమనువారి నడుగవలసిన తొలిప్రశ్న: ఏ భాషలోని యక్షరము? బైబిలు పూర్వభాగము ప్రధానముగ హెబ్రీభాషలోను, ఉత్తరభాగము గ్రీకుభాషలోను వ్రాయబడినవి. మన గ్రామములలో చదువబడునది తెలుగు. ఆ తెలుగు మనకెట్లు వచ్చెనో కొంచెము చూతము.

18-వ శతాబ్దిలో బెంజమిన్ షుల్జ్ అను జర్మను బోధకుడు బైబిలును దెలిగించెను గాని, యది యచ్చు గాలేదు. 1805-వ సంవత్సరమున లండను మిషనరీ సంఘమువారగు జార్జి క్రాన్, ఆగస్టస్ డెగ్రాంజి దొరలు విశాఖపట్టణమునకు వచ్చిరి. మన యూరినుండి గంట ప్రయాణపు దూరముననున్న యా పట్టణమున, క్రైస్తవమతమును స్వీకరించిన ఆనందరాయ డను బ్రాహ్మణుని సహాయమున వారు సువార్తలను దెలుగుచేయ నారంభించిరి. క్రాన్ దొర 1809-లోను, డెగ్రాంజి దొర 1810-లోను మరణించిరి. వారి శ్రమఫలముగ మత్తయి, మార్కు, లూకా సువార్తలు మూడును 1812-లో శ్రీరాంపురమున అచ్చయ్యెను. తరువాత ప్రిచెట్ దొర విశాఖపట్టణముననే క్రొత్తనిబంధనను పూర్తిచేసెను. శ్రీరాంపురమున కేరీ దొరగారి పర్యవేక్షణమున మఱియొక తెలుగు అనువాదమును తయారయ్యెను. ఒకటే మూలము, రెండు తెలుగులు. అటుపిమ్మట జాన్ హే దొర మొదలగువారు విశాఖపట్టణమున అనేకవత్సరములు సవరణకార్యమున శ్రమించిరి.

సవరణ యనగా నేమి? నిన్న వేసిన పదమును నేడు కొట్టివేసి, మూలమునకు మఱింత దగ్గఱగ నుండు పదమును వేయుట. భక్తిపరులైన విద్వాంసులే ఇట్లు సవరించిరనినచో, ఏ యొక్క తెలుగు అచ్చునందలి యక్షరమునైనను కదలింపరానిదని చెప్పుట యెట్లు పొసగును?

ఒక్క పదమును జూడుడు. మతప్రవేశమున జేయు స్నానమునకు గ్రీకుభాషలో నొక శబ్దమున్నది. దానికి “నీట ముంచుట” అను నర్థమే వ్రాయవలెనని బాప్టిస్టు శాఖవారు పట్టిరి; నీళ్లు చిలుకరించినను చాలునని నమ్మిన యితరశాఖలవారు ఒప్పుకొనరైరి. బంగాళీ అనువాదమునుగూర్చి 1830 తరువాత నీ వివాదము ముదిరి, ముంచుట యను నర్థము వ్రాసిన పుస్తకములకు బ్రిటిషు బైబిలు సంఘమువారు ధనసహాయము నిరాకరించిరి. దానివలన బాప్టిస్టులు అమెరికాలో 1836-లోను, ఇంగ్లండులో 1840-లోను ప్రత్యేకసంఘములను స్థాపించుకొనిరి. తెలుగున వాడుకకు వచ్చిన “బాప్తిస్మము” అను పదము గ్రీకుశబ్దమును తెలుగు లిపిలో వ్రాసినదే గాని తెలుగుమాట గాదు. కతోలికులు “జ్ఞానస్నానము” అందురు. ఒకరు అర్థమును నిర్ణయింపక శబ్దమును నిలిపిరి. మఱియొకరు శబ్దమును విడిచి తత్త్వమును జెప్పిరి. రెండును నిర్ణయములే.

దేవుని నామముసంగతియు నిట్టిదే. హెబ్రీమూలమున ఆ నామము నాలుగు హల్లులతో వ్రాయబడియున్నది. దాని నుచ్చరింపరాదను భయభక్తులచేత యూదులు, ప్రభువను నర్థముగల “అదోనాయ్” శబ్దమును దాని స్థానమున జదివెడివారు. ఆ శబ్దపు అచ్చుల గుఱుతులను ఈ నాలుగు హల్లులకు జేర్చి చదివినందున “యెహోవా” యను రూప మేర్పడినదని పండితుల యభిప్రాయము. గుణింతములేని హల్లులను చదువుట యెంత కష్టమో తెలుగువారికి వేఱుగ జెప్ప నక్కఱలేదు.

3. రామమోహనరాయలును అక్షరమును

అనువాదమున పుట్టిన ప్రశ్న యొకానొక మతసంస్థ జన్మమునకే దారితీసిన వృత్తాంతము కలకత్తాలో జరిగినది. రామమోహనరాయలు 1820-లో క్రీస్తు నీతిబోధలను సువార్తలనుండి యేర్చి, అద్భుతకథలను సిద్ధాంతభాగములను విడిచి, పుస్తకముగ బ్రకటించిరి. శ్రీరాంపురపు మార్ష్‌మన్ దొర దానిని తీవ్రముగ ఖండించెను. రాయలవారు వరుసగ మూడు సమాధానగ్రంథములను వ్రాసిరి. మూడవదానిని బాప్టిస్టు ముద్రణాలయమువారు అచ్చువేయ నిరాకరించినందున, వారు స్వంతముగ ముద్రాయంత్రమును బెట్టించి 1823-లో బ్రకటించిరి.

ఈ వివాదమున నొక విశేషమును మన విద్యార్థులు గమనింపవలెను. అక్షరమును గట్టిగ పట్టినవారు పాదరులనియు, భావమును జెప్పినవారు రాయలవారనియు మనము తలంతుము. గ్రంథములను జూచిన నట్లు లేదు. రాయలవారు హెబ్రీ, గ్రీకు మూలములను జూపి, త్రిత్వసిద్ధాంత మీ వాక్యములలో నెక్కడ నున్నదని యడిగిరి. అక్షరమే వారి చేతి యాయుధము. పరంపరగ వచ్చిన వ్యాఖ్యానమే ప్రతిపక్షమువారి యాధారము. కావున అక్షరపఠన మెల్లప్పుడును పూర్వాచారపక్షమున నిలుచునని యనుకొనుట పొరపాటు. ఒకానొకప్పుడు పూర్వాచారమును గూలద్రోయునదియు నదియే.

ఆ దినములలోనే రాయలవారు, విలియం ఆడం, యేట్స్ అను నిద్దఱు బాప్టిస్టు బోధకులతో గలసి సువార్తలను బంగాళీలోనికి మార్చుచుండిరి. యోహాను సువార్త ప్రారంభమున సృష్టినిగూర్చిన వాక్యమున నొక చిన్న గ్రీకు అవ్యయము వచ్చును. దానికి “చేత” అని వ్రాయవలెనా, “ద్వారా” యని వ్రాయవలెనా? చేత యనిన క్రీస్తే కర్త. ద్వారా యనిన కర్త వేఱు, క్రీస్తు సాధనము. ఒక్క విభక్తిప్రత్యయమునందు ఒక సిద్ధాంతము వ్రేలాడుచున్నది! ఆలోచించి యాలోచించి ఆడం దొర 1821-లో త్రిత్వమతమును విడిచి యేకేశ్వరవాదియయ్యెను. ఆ యేటనే కలకత్తాలో యూనిటేరియను సంఘ మేర్పడెను. 1828-లో బ్రహ్మసమాజము స్థాపింపబడెను.

4. సీమలలో జరిగిన చర్చలు

భావపఠనము నవీనులు కల్పించిన సాకు అని కొందఱందురు. క్రైస్తవాచార్యులలో ప్రాచీనుడగు ఓరిజెన్ 3-వ శతాబ్దియందే, సూర్యుడు పుట్టకముందు ఉదయసాయంకాలము లుండెనని బుద్ధిమంతు డెవ్వడు నమ్మునని ప్రశ్నించెను. 5-వ శతాబ్ది ప్రారంభమున అగస్టీను, ప్రకృతివిషయములలో నెఱుగని మాటలను గ్రంథముపేర జెప్పి అన్యమతస్థులయెదుట నవ్వులపాలు గావలదని తనవారిని హెచ్చరించెను.

ఆధునిక వివాదమున ప్రధానపాత్రుడు దక్షిణాఫ్రికాలో నేటాలు మండలమునకు బిషప్పుగ నుండిన కొలెన్సో. ఆయన గణితపుస్తకములు వ్రాసినవాడు. జూలూభాషలోనికి బైబిలును మార్చుచుండగా, ఆయనకు సహాయుడగు విలియం ఎన్గిడీ యను జూలూ క్రైస్తవుడు, జలప్రళయకథవద్ద నాగి, ఇదియంతయు నిజముగ జరిగినదా యని యడిగెను. కొలెన్సో అవునని చెప్పలేకపోయెను. నిర్గమకాండమున ఐగుప్తును విడిచినవారిలో పురుషులే సుమారు 6,00,000 మంది యని యున్నది. స్త్రీలను పిల్లలను గలిపిన 20 లక్షలకు దక్కువ గాదు. అంతజనము ఎడారిలో నెట్లు నిలిచెను, ఏమి తినెను, ఎచ్చట విడిసెనని ఆయన లెక్కలు గట్టి 1862-లో బ్రకటించెను. మఱుసటి సంవత్సరము ఆయనపై విచారణ జరిపి, మెట్రోపాలిటను బిషప్పగు గ్రే ఆయనను పదవినుండి తొలగించెను. 1865-లో ప్రివీ కౌన్సిలువారు, గ్రే దొరకు అట్టి యధికారము లేదని యా తీర్పు చెల్లదనిరి. చూడుడు! విశాఖపట్టణమున, కలకత్తాలో, నేటాలులో, మూడుచోట్లను అనువాదకుని బల్లవద్దనే అక్షరము తన రహస్యమును బయటపెట్టినది. పరభాషలో వ్రాయబూనినవానికి “ఇది యేమి చెప్పుచున్నది” యని యడుగక గడవదు.

అమెరికాలో 1910 మొదలు 1915 వఱకు “మూలసూత్రములు” అను నర్థముగల పేరుతో 12 సంపుటములు వెలువడెను. ఫండమెంటలిస్టులను పేరు వాని వలననే ప్రచారమునకు వచ్చెను. విచిత్రమేమనగా, ఆ సంపుటములలో వ్రాసిన జేమ్సు ఓర్ అను పండితుడే, సృష్టిదినములను 24 గంటల దినములుగ దీసికొన నక్కఱలేదనెను.

1925 జూలైలో టెనెసీ రాష్ట్రమున డేటన్ అను చిన్నపట్టణమున జరిగిన వ్యాజ్యము న్యాయవాదులమగు మాకు మిక్కిలి యాసక్తికరము. మనుష్యుడు తక్కువజంతువులనుండి పరిణమించెనని ప్రభుత్వపాఠశాలలలో బోధింపరాదని యా రాష్ట్రమున జట్టము చేసిరి. స్కోప్సు అను నుపాధ్యాయునిపై నేరము మోపబడెను. ముద్దాయిపక్షపు న్యాయవాది డారో, వాదిపక్షమున నిలిచిన బ్రయనునే బైబిలెఱిగిన సాక్షిగ బిలిచి, యోనానుగూర్చియు, యెహోషువ సూర్యుని నిలుపుటనుగూర్చియు ప్రశ్నించెను. అక్షరపక్షమునకు నాయకుడగు బ్రయను, సృష్టిదినములు 24 గంటల దినములు కాకపోవచ్చునని యొప్పుకొనెను. న్యాయాధిపతి మఱునా డా సాక్ష్యమును కొట్టివేసెను. ఉపాధ్యాయునికి 100 డాలర్ల జుల్మానా వేసెను. 50 డాలర్లకు మించిన జుల్మానాను జ్యూరీయే నిర్ణయింపవలసియుండగా న్యాయాధిపతి నిర్ణయించెనను లోపముచేత 1927-లో నాతీర్పు పై న్యాయస్థానమున రద్దయ్యెను. చట్టము మాత్రము 1967 వఱకు నిలిచియుండెను.

1978-లో చికాగో నగరమున ఇన్నూఱుగురికి మించిన సువార్తావాదులు గ్రంథమున దోషము లేదని యొక ప్రకటనపై జేవ్రాలు చేసిరి. అందును, నిర్దోషత్వము మూలప్రతులకే ముఖ్యముగ జెల్లుననియు, అతిశయోక్తులును గుండుసంఖ్యలును దోషములు గావనియు వ్రాసిరి. మూలప్రతులు నేడు లోకమున నెక్కడను లేవు. ఉన్నవి ప్రతులకు ప్రతులే. కతోలికులు 1965-లో వాటికను మహాసభయందు, గ్రంథకర్తల యుద్దేశమును వారి కాలపు రచనారీతులనుబట్టి వెదకవలెనని నిర్ణయించిరి. ఇరుపక్షములవారును తమతమ త్రోవలను నడచి, “అర్థము విచారింపక తప్పదు” అను చోటికే చేరినారు.

5. అక్షరపక్షమువారి బలము

ఇంతవఱకు చదివి, అక్షరమును పట్టుకొన్నవారందఱును మూఢులని తలంపవలదు. వారిపక్షమున న్యాయమున్నది, దానిని జెప్పకపోయిన మేము రెండురాళ్లవారమే యగుదుము.

1878 జూలై 3-వ తేదీని ఒంగోలు సమీపమున గుండ్లకమ్మనదిలో 2,222 మంది యొక్కదినముననే బాప్తిస్మము పొందిరి. కరవుకాలమున క్లఫ్ దొర కాలువపనిని గుత్తకు దీసికొని వేలకొలది జనమునకు గూలి కల్పించెను. అన్నముకొఱకు మతములో జేరిరను మాట రాకుండ, కరవుపని సాగినంతకాలము బాప్తిస్మములను నిలిపియుంచెను. అట్లు చేరినవారిలో మాదిగలే విస్తారము. వేదాక్షరము చెవిని బడరాదని తరతరములుగ దూరముంచబడిన జనమునకు, “ఈ పుస్తకము నీది, నీవే చదువుము, వ్రాసినదే దాని యర్థము” అనుమాట యెంత గొప్ప విమోచనమో యోచింపుడు. అర్థము పండితునివద్దనే యున్నదనినచో, ఆ పండితుడు మఱల పురోహితుడగును. అక్షరము పేదవాని చేతిలోని పట్టావంటిది. నోటిమాట నమ్మి భూమి పోగొట్టుకొన్న రైతునకు కాగితముయొక్క విలువ తెలియును.

కావున భావమును బోధించు విద్యావంతులు జాగ్రత్తపడవలెను. “ఇది నీకు దెలియదు, మేము చెప్పెదము వినుము” అను స్వరముతో జెప్పిన భావము, అక్షరముకంటె కఠినమైన సంకెల. విచారించు నేర్పును అందఱికిని పంచియిచ్చినప్పుడే భావపఠనము ధర్మమగును.

6. అక్షరము ప్రాణమును దీయుచోటు

అయినను పట్టాకాగితమే యొకప్పుడు రైతును వెళ్లగొట్టుటకును బనికివచ్చును. అమెరికా దక్షిణరాష్ట్రములలో బోధకులు, దాసులు యజమానులకు లోబడవలెనను పౌలు లేఖలలోని మాటలను జూపి బానిసత్వమును సమర్థించిరి. బానిసలుగల యజమానులు మిషనరీలుగ నుండవచ్చునా యను వివాదముమీదనే 1845-లో దక్షిణ బాప్టిస్టుల ప్రత్యేకసమాఖ్య యేర్పడెను. బానిసత్వమును గూల్చినవారును అదే బైబిలునుండి, మానవులందఱు నొకే మూలమునుండి పుట్టిరను భావమును జూపిరి. 150 సంవత్సరముల తరువాత, 1995-లో, ఆ సమాఖ్య తన పూర్వుల తప్పునకు బహిరంగముగ క్షమాపణ వేడెను. ఆ గ్రంథము మాఱలేదు. చదివినవారి మనస్సాక్షి మాఱెను.

మన యింటిసంగతియు నించుక చూచుకొందము. సహగమనమునకు వేదప్రమాణముగ జూపబడిన ఋగ్వేదమంత్రమున “అగ్రే” యను పదమును “అగ్నేః” అని మార్చి చదివిరని మాక్సుముల్లరు మొదలగు పండితులు వాదించిరి. ఒకటి ముందు నడువుమనుట; మఱియొకటి నిప్పును జూపుట. ఈశ్వరచంద్ర విద్యాసాగరులు పరాశరస్మృతి యక్షరమునే యాధారముగ గొని విధవావివాహమును సమర్థించిరి. 1856-లో చట్టము వచ్చెను. 1881 డిసెంబరు 11-న రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులవారు తొలి వితంతువివాహమును జరిపించిరి. ఒకే శాస్త్రరాశినుండి చితిని వెదకినవారును గలరు, పెండ్లిపందిరిని వెదకినవారును గలరు.

నేటికిని రోగికి పెద్దలు నూనెరాచి ప్రార్థింపవలెనను యాకోబు పత్రికలోని మాటను బట్టుకొని, వైద్యుని బిలుచుట యవిశ్వాసమని చెప్పువారు అక్కడక్కడ గలరు. ఆ గ్రంథముననే లూకా వైద్యుడని చెప్పబడినాడు. పౌలు తిమోతికి కడుపుజబ్బునకు కొంచెము ద్రాక్షరసమును పుచ్చుకొనుమని సలహా యిచ్చెను. ప్రార్థింపుమనుట మందు వలదనుట గాదు. జ్వరముతో మూలుగు పిల్లవానికొఱకు తండ్రి ప్రార్థనయు చేయవచ్చును, ఆసుపత్రికిని గొనిపోవచ్చును.

7. న్యాయశాస్త్రము నేర్పు పాఠము

దస్తావేజులను జదువుటయే మా వృత్తి యగుటచేత, అందలి యొక సూత్రము నిచట జెప్పెదము. 1872 నాటి సాక్ష్యచట్టమునను, 2024 జూలై 1 నుండి దాని స్థానమునకు వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమునను గల నియమమిది: దస్తావేజులోని మాట స్పష్టమై, ఉన్న సంగతులకు సరిగ నన్వయించినయెడల, దానికి వేఱర్థము చెప్పుటకు సాక్ష్యము పనికిరాదు. మాట స్పష్టముగనే యుండియు ఉన్న సంగతులకు బొత్తిగ నన్వయింపనియెడల, వ్రాసినవాని యుద్దేశమును సాక్ష్యముతో జూపవచ్చును. పాతచట్టమున నీయబడిన యుదాహరణము ప్రసిద్ధము: కలకత్తాలోని నా యిల్లు అమ్మితినని వ్రాసినవానికి కలకత్తాలో నిల్లే లేదు, హౌరాలో నున్నది, కొన్నవాడు దానిని స్వాధీనమున నుంచుకొన్నాడు. అప్పుడు హౌరా యిల్లే యుద్దేశింపబడినదని జూపవచ్చును. అక్షరమునకు మొదటిగౌరవము, అది లోకముతో పొసగనప్పుడు ఉద్దేశమునకు స్థానము. దీనివలన దస్తావేజు అబద్ధమగుట లేదు; ప్రయోజనవంతమగుచున్నది.

మఱియొక పాఠము సుప్రీముకోర్టు నేర్పినది. 1985-లో కేరళమున యెహోవాసాక్షుల శాఖకు జెందిన ముగ్గురు పిల్లలు, జాతీయగీతము పాడునప్పుడు మర్యాదగ నిలుచుండియు నోరు విప్పి పాడనందున, పాఠశాలనుండి వెళ్లగొట్టబడిరి. దేవునికి దప్ప వేఱొకనికి స్తోత్రము చేయరాదని వారు గ్రంథమును చదివిరి. గీతమున నే మతమునకును విరుద్ధమైన మాట లేదు గదా యని హైకోర్టు వారి యర్జీని ద్రోసివేసెను. బిజో ఇమ్మానుయేలు వ్యాజ్యమని ప్రసిద్ధికెక్కిన యీ యభియోగమున 1986 ఆగస్టులో తీర్పు వ్రాసినవారు మన తెలుగువారగు జస్టిసు ఓ. చిన్నప్పరెడ్డిగారు. ఆ పఠనము మనకు సమంజసముగ దోచునా యనుట ప్రశ్న గాదనియు, వారు దానిని చిత్తశుద్ధితో నమ్మినారా యనుటయే ప్రశ్నయనియు నిర్ణయించి, పిల్లలను మఱల జేర్చుకొనుమని యాజ్ఞాపించిరి. ఇతరుల యక్షరము మనకు నచ్చకపోయినను, వారి మనస్సాక్షి మనకు గౌరవనీయము.

దీనికి హద్దు లేదా? ఉన్నది. 1944-లో అమెరికా సుప్రీముకోర్టు అదే శాఖవారి మఱియొక వ్యాజ్యమున, తలిదండ్రులు తమ విశ్వాసముకొఱకు తాము బలికావచ్చును గాని, తమ బిడ్డలను బలిచేయరాదను భావమును వెల్లడించినది. ఒకడు తన పఠనఫలమును తాను మోయునంతవఱకు అది స్వేచ్ఛ. దానిని నోరులేని మఱియొకరి నెత్తిన వేసినతోడనే అది బలాత్కారము.

8. ఒక్కటే తూనికరాయి

పైని జెప్పినదానినుండి మేము నాలుగు నియమములను దీసితిమి. మొదటిది, అక్షరమును శ్రద్ధగ జదువుడు. చదువకయే భావము చెప్పుట సోమరితనము. రెండవది, మీరు చదువునది యనువాదమని మఱువకుడు. సాధ్యమైనప్పుడు రెండు మూడు తెలుగు అనువాదములను ప్రక్కప్రక్కన బెట్టి పోల్చుడు. మూడవది, అక్షరమును విడిచినచోట ఏ నియమమునుబట్టి విడిచితిరో బయటపెట్టుడు. ఆ నియమమునే పరుల గ్రంథమునకును వర్తింపజేయుడు. నాలుగవది, ఒక పఠనమువలన నెవరి శరీరమునకు, ఎవరి గౌరవమునకు, ఎవరి బ్రతుకునకు హాని కలుగునో విచారింపుడు.

ఈ మూడవ నియమమే కష్టమైనది. తన పుస్తకముకొఱకు తాను గోరుకొను సానుభూతిని పొరుగువాని పుస్తకమునకు నిచ్చుటకును, పొరుగువాని పుస్తకమును తాను అడుగు ప్రశ్నలను తన పుస్తకమును గూడ నడుగుటకును ధైర్యము కావలెను. సత్యస్వరూపుడగు పరమేశ్వరుడు ఏ ప్రశ్నకును భయపడువాడు గాడు.

విచారింపవలసిన ప్రశ్నలు

ఒకటి: మీరు ప్రమాణముగ గొన్న గ్రంథమున మీరు ఆచరింపక విడిచిన విధి యేది? ఎందుకు విడిచితిరి?

రెండు: బాప్తిస్మము, జ్ఞానస్నానము అను రెండు పదములలో నేది అనువాదము, ఏది వ్యాఖ్యానము?

మూడు: అర్థము పండితులవద్దనే యుండుటవలన నెవరికి లాభము? అందఱివద్ద నుండుటవలన నెవరికి నష్టము?

నాలుగు: పరమతగ్రంథములోని యొక కథను మీరెన్నడైన హేళనచేసియుండినచో, అదే తూనికరాతితో మీ గ్రంథములోని యొక కథను తూచి చూడుడు. త్రాసు ఎటు మ్రొగ్గెనో మీకు మీరే చెప్పుకొనుడు.